గుహలో మట్టి వయసు కొలవాలంటే ముందు గోడ చూడాలి

గుహ అడుగున ఉన్న మట్టి ఎప్పటిదని అడిగితే చాలామంది "బొగ్గుముక్క ఏదైనా దొరికిందా?" అంటారు. దొరికితే రేడియోకార్బన్ ఉంది, మంచిదే. కానీ అది సుమారు 50,000 ఏళ్ళ దగ్గర ఆగిపోతుంది. పైగా మన వైపు వానలకీ చెదలకీ అంత పాత బొగ్గు మిగలడం అరుదు. ఇసుక రేణువులు మాత్రం ప్రతి పొరలోనూ ఉంటాయి. వాటితో వయసు కొలిచే పద్ధతే ల్యూమినిసెన్స్. విజయనగరం, శ్రీకాకుళం కొండల్లో రాతి చూరుల కింద, అంటే ముందుకు పొడుచుకొచ్చి గుహలా నీడనిచ్చే బండల కింద, తవ్వాలని ఉన్న విద్యార్థుల కోసం, ముఖ్యంగా ఎక్కడ తప్పు దొర్లుతుందో చెప్పడం కోసం ఈ పోస్టు.

సూత్రం చిన్నదే. పలుగురాయి రేణువు, అంటే క్వార్ట్జ్, మట్టిలో పూడి ఉన్నంతకాలం చుట్టూ ఉన్న యురేనియం, థోరియం, పొటాషియంల నుంచి రేడియేషన్ తింటూ ఉంటుంది. ఆ శక్తిలో కొంత, స్ఫటికంలోని లోపాల దగ్గర ఎలక్ట్రాన్లు చిక్కుకోవడం రూపంలో నిలవ ఉంటుంది. ఎండ తగిలితే నిలవ ఖాళీ. మంచి ఎండలో క్వార్ట్జ్ సిగ్నల్‌లో 99 శాతం పోవడానికి పదిపదిహేను సెకన్లు చాలు, ఫెల్డ్‌స్పార్ అనే మరో ఖనిజానికి నిమిషాలు పడుతుంది. ఆ తరవాత పూడిపోయిన రోజు నుంచి మళ్ళీ సున్నా దగ్గర లెక్క మొదలవుతుంది. ల్యాబ్‌లో ఆ రేణువు మీద నీలి కాంతి వేస్తే నిలవ ఉన్న శక్తి అతినీలలోహిత వెలుగుగా బయటికొస్తుంది. దాన్ని కొలిచి, పూడినప్పటి నుంచి ఎన్ని గ్రేల (గ్రే అంటే ఒంటపట్టిన రేడియేషన్‌కి కొలమానం) మోతాదు తిన్నదో తేలుస్తారు. అది లవం. వెయ్యేళ్ళకి ఎన్ని గ్రేలు తింటుందన్నది హారం. భాగిస్తే వయసు. ఈ కాంతి పద్ధతిని 1985లో హంట్లీ, గాడ్‌ఫ్రీ-స్మిత్, థ్యూవాల్ట్ ప్రతిపాదించారు. అంతకు ముందున్నది వేడిచేసి కొలిచే థర్మోల్యూమినిసెన్స్.

నది ఒడ్డు ఇసుకకి ఇది బాగా నప్పుతుంది. గుహ దగ్గరికొచ్చేసరికి గోడ అడ్డం పడుతుంది. లవాన్నీ చెడగొడుతుంది, హారాన్నీ చెడగొడుతుంది.

లవం సంగతి ముందు. గాలికో గెడ్డ నీటికో బయట నుంచి వచ్చి చేరిన రేణువు ఎండ చూసి వస్తుంది. కప్పు నుంచి, గోడ నుంచి రాలిన రేణువు ఎండ ముఖమే చూడదు. రాయిలో కోట్ల ఏళ్ళుగా తిన్న మోతాదుతో నిండిపోయి నేరుగా నేలమీద పడి, రేపో ఎల్లుండో పూడిపోతుంది. దాన్ని మిగతావాటితో కలిపి కొలిస్తే వయసు అమాంతం పెరుగుతుంది. ఆస్ట్రేలియా ఉత్తర ప్రాంతంలోని జిన్‌మియం రాతి చూరు దీనికి పాఠం. 1996లో థర్మోల్యూమినిసెన్స్‌తో అక్కడి పనిముట్ల పొరకి 1,16,000 ఏళ్ళు అని ప్రకటించారు. ఆ ఖండానికి మనుషులు ఎప్పుడొచ్చారన్న లెక్కే తలకిందులయ్యే అంకె అది. రెండేళ్ళ తరవాత రిచర్డ్ రాబర్ట్స్ బృందం రేణువు రేణువునీ విడిగా కొలిస్తే నిక్షేపం 10,000 ఏళ్ళ లోపే అని తేలింది. మట్టిలో కలిసిన ఇసుకరాయి ముక్కలు అక్కడికక్కడే చివికి, ఎండ చూడని రేణువుల్ని వదలడమే కారణం. థర్మోల్యూమినిసెన్స్ సిగ్నల్ ఎండకి మెల్లగా, అదీ పూర్తిగా కాకుండా ఖాళీ అవడం దానికి తోడైంది.

ఇది మనకెందుకంటే, మన కొండల్లో చాలావాటి రాయి ఖోండలైట్. గార్నెట్, సిల్లిమనైట్, ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్ కలిసిన ఈ రాయి ఎండకీ వానకీ త్వరగా చివుకుతుంది. చూరు కింద నిలబడి చేత్తో గోడ రుద్దితే ఇసుక రాలిందంటే, జిన్‌మియంలో జరిగింది మీ ట్రెంచ్‌లోనూ జరిగే ఉంటుంది. కాబట్టి మట్టితో పాటు గోడ నుంచీ కప్పు నుంచీ గుప్పెడు రాయి కూడా తీసుకెళ్ళండి. దాన్ని పొడిచేసి అదే పద్ధతిలో కొలిస్తే రెండే రెండు జవాబులు వస్తాయి. గోడ క్వార్ట్జ్ మసకగా ఉంటే, అంటే సిగ్నల్ దాదాపు ఇవ్వకపోతే, అది కలిసినా పెద్ద నష్టం లేదు. నీళ్ళలో, ఎండలో పదేపదే తిరిగిన క్వార్ట్జే బాగా వెలుగుతుంది, రాయి నుంచి అప్పుడే ఊడినది సాధారణంగా మసక. గోడ క్వార్ట్జ్ కూడా ప్రకాశంగా వెలిగితే మాత్రం విడి రేణువుల కొలత తప్ప దారి లేదు. ఈ నమూనాకి మీకయ్యే ఖర్చు ఒక సంచి, పది నిమిషాలు. అయినా చాలామంది తీసుకోరు.

గొట్టం కొట్టే పని

ముందు అనుమతి. కేంద్రం రక్షణలో ఉన్న చోట ఏఎస్ఐ (భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ) లైసెన్సు లేకుండా గునపం ముట్టుకోకూడదు. రామతీర్థం దుర్గకొండ లాంటి చోట సహజ గుహలోనే జైన శిల్పాలున్నాయి. అలాంటిచోట సుత్తి దెబ్బల అదురు కూడా తప్పే.

మట్టికి వెలుతురు తగలకుండా తీయాలంటే తవ్విన గుంత నిలువు గోడలోకి, అంటే సెక్షన్‌లోకి, గొట్టం కొట్టాలి. గొట్టానికి రెండంగుళాల జీఐ పైపు, 20 నుంచి 25 సెంటీమీటర్ల ముక్కలు చాలు. ఒక అంచుని లేత్ షాపులో బయటివైపు నుంచి వాలుగా పదును పెట్టించాలి. పీవీసీ వద్దు. గుహ మట్టిలో సున్నం పట్టిన గట్టి పొరలుంటాయి, రాతి పెచ్చులుంటాయి, పీవీసీ వాటికి పగులుతుంది. వెనక అంచులో నల్ల పాలిథిన్ ఉండలా చుట్టి కుక్కాలి. కొడుతున్నప్పుడు ముందుకొచ్చే మట్టిని అది పట్టి ఉంచుతుంది, రేణువులు పొర్లవు. పైపు మీద చెక్క దిమ్మ పెట్టి రెండు కిలోల సుత్తితో కొట్టాలి. దిమ్మ లేకుండా కొడితే అంచు వంగి మూత పట్టదు.

సెక్షన్ మీద ఎండ తగిలిన పైపొరని కొట్టే ముందు ఐదు నుంచి పది సెంటీమీటర్ల లోతు చెక్కెయ్యాలి. గొట్టం పూర్తిగా నిండాలి, ఇది ముఖ్యం. సగం నిండితే శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో రైలెక్కి దిగేలోపు లోపలి మట్టి గిలకలా ఊగి, అంచుల్లో వెలుతురు చూసిన రేణువులు మధ్యలోకి చేరిపోతాయి. కొంచెం వెలితి ఉంటే అక్కడ కూడా నల్ల పాలిథిన్ గట్టిగా కుక్కి, రెండు మూతలకీ నల్ల టేపు, పైన అల్యూమినియం రేకు, ఆ పైన మరో నల్ల సంచి. పొర ఎత్తు దిశ బాణం గుర్తుతో గొట్టం మీదే రాయాలి. "వెలుతురులో తెరవరాదు" అన్న చీటీ సంచికి కాదు, గొట్టానికే అతికించండి. సంచులు మారిపోతాయి. ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌రే గురించి బెంగ అక్కర్లేదు, వేల ఏళ్ళ నమూనాకి ఆ మోతాదు లెక్కలోకి రాదు.

మట్టి సిమెంటులా గట్టిపడి గొట్టం దిగకపోతే రాత్రిపూట టార్పాలిన్ కింద ఎర్ర దీపంతో ఉలితో ఇటుకంత దిమ్మ కోసి తీసుకోవచ్చు. ల్యాబ్‌లో దాని బయటి రెండు మూడు సెంటీమీటర్లు చెక్కేసి లోపలి భాగం వాడతారు. బజారులో దొరికే తలదీపాల్లో "రెడ్ మోడ్" అని రాసినంత మాత్రాన నమ్మొద్దు. కొన్నిట్లో పక్కనున్న తెల్ల ఎల్ఈడీ మినుకుమంటుంది.

ఎక్కడ కొట్టాలన్నది ఎలా కొట్టాలన్నదాని కంటే పెద్ద ప్రశ్న. చెద పుట్టలున్నచోట, ముళ్ళపంది బొరియలున్నచోట పై పొర రేణువులు కిందికీ కింది పొరవి పైకీ చేరతాయి. ఉద్దానం వైపు ఎలుగుబంట్ల సంగతి చెప్పక్కర్లేదు. అవి చెద కోసం తవ్వే గుంతలు తరవాత మట్టితో పూడి, సెక్షన్లో చిన్న రంగు తేడాగా మాత్రమే కనిపిస్తాయి. సెక్షన్‌ని తడిపి చూస్తే ఆ రంగు తేడా తేటగా కనిపిస్తుంది, కాని గొట్టం కొట్టబోయే చోట తడపకండి. ఎలుగు ఇంకా ఆ గుహలోనే ఉందేమో ముందు ఊరివాళ్ళని అడగడం మాత్రం డేటింగ్‌తో సంబంధం లేని జాగ్రత్త.

హారం

అందరి చూపూ లవం మీదే. ఖరీదైన యంత్రం, లేజర్, వెలుగు పడిపోయే వంపుగీత, అన్నీ అటే ఉన్నాయి మరి. గుహలో నన్నడిగితే హారమే ఎక్కువ మోసం చేస్తుంది.

ఆ మూలకాల నుంచి వచ్చే రేడియేషన్ మూడు రకాలు. ఆల్ఫా కణం మట్టిలో 20-30 మైక్రాన్లు వెళ్ళి ఆగిపోతుంది. బీటా రెండు మూడు మిల్లీమీటర్లు. గామా మాత్రం సుమారు 30 సెంటీమీటర్లు. అంటే మీ రేణువుకి చుట్టూ 30 సెంటీమీటర్ల గోళంలో ఏముంటే అది వయసులోకి వస్తుంది. అందులో సగం గోడరాయో, పడిపోయిన కప్పు బండో అయితే, గొట్టంలో మట్టిని మాత్రమే విశ్లేషించి తెచ్చిన గామా అంకె తప్పు. బొర్రా లాంటి సున్నపురాతి గుహలో బండలో రేడియేషన్ మట్టికంటే చాలా తక్కువ, హారం తగ్గుతుంది. ఖోండలైట్ బండ అయితే మట్టికంటే ఎక్కువే ఇవ్వొచ్చు. అందుకే గొట్టం తీసిన రంధ్రాన్నే వెడల్పు చేసి, 30 సెంటీమీటర్ల లోతుకి గామా స్పెక్ట్రోమీటర్ తల దూర్చి అరగంట నుంచి గంట లెక్కపెట్టాలి. యంత్రం దొరక్కపోతే అల్యూమినియం ఆక్సైడ్ డోసిమీటర్లని రాగి గొట్టంలో పెట్టి కొన్ని నెలలు అక్కడే పూడ్చి ఉంచే పద్ధతి ఉంది. అదీ కుదరకపోతే ఆ గోళంలోని ప్రతి పొరా, ప్రతి రాయీ విడివిడి సంచుల్లోకి ఎత్తి, కొలతలతో బొమ్మ గీసుకోవాలి. మూడో దారి శ్రమ, అయినా ఏమీ చేయకపోవడం కంటే మేలు.

తరవాత నీళ్ళు. రేణువుల మధ్య ఖాళీలో గాలికి బదులు నీరుంటే రేడియేషన్‌లో కొంత అది మింగేస్తుంది. ఒక లెక్క వేసి చూద్దాం, అంకెలు ఉదాహరణకి మాత్రమే. పొటాషియం 1.2 శాతం, యురేనియం 1.5 పీపీఎం (పదిలక్షల్లో ఒకటిన్నర వంతు), థోరియం 12 పీపీఎం. పొడి మట్టికి బీటా 1.51, గామా 1.04 గ్రే, వెయ్యేళ్ళకి. 200 మైక్రాన్ల రేణువుకి బీటాలో సుమారు 12 శాతం కోత వేస్తే 1.33. నీరు 10 శాతం అనుకుంటే బీటాని 1.125తో, గామాని 1.114తో భాగించాలి. 1.18, 0.93 వస్తాయి. విశ్వకిరణాలకి 0.10 (కప్పు మందం కొద్దీ ఇది తగ్గుతుంది, ఆరుబయట 0.2 దగ్గర ఉంటుంది), రేణువు లోపలి రేడియేషన్‌కి 0.03. మొత్తం 2.24. లవం 90 గ్రే అయితే వయసు 40,000 ఏళ్ళు. అదే నీరు 20 శాతం అనుకుంటే హారం 2.04కి దిగి, వయసు 44,000 అవుతుంది. మట్టి అదే, రేణువు అదే, మారినది మీరు రాసిన తేమ ఒక్కటే.

మే నెలలో తవ్వితే మన మట్టి ఎండిపోయి 4-5 శాతం చూపిస్తుంది. అక్టోబరులో, తిత్లీ లాంటి తుపాను వెళ్ళిన వారానికి తవ్వితే ముంచెత్తినట్టు ఉంటుంది. రెండూ వేల ఏళ్ళ సగటు కాదు. పైగా తెరిచిన సెక్షన్ గంటల్లోనే ఆరిపోతుంది. చేయాల్సింది ఇది: కొత్తగా చెక్కిన లోతు నుంచి వెంటనే బిగుతు డబ్బాలో మట్టి తీసి తూచడం, 105 డిగ్రీల దగ్గర ఒక రోజు ఆరబెట్టి మళ్ళీ తూచడం, ఆ పైన అదే మట్టి పూర్తిగా నీరు తాగితే ఎంత పట్టగలదో కొలవడం. నీటి శాతం పొడి బరువు మీద లెక్క, తడి బరువు మీద కాదు. ఈ రెండూ తారుమారు చేసిన పట్టికలు ఎన్నో కనిపిస్తాయి. దొరికిన అంకెకీ, పట్టగల అంకెకీ మధ్య ఏది నమ్మారో, ఎందుకు నమ్మారో రాసి, దానికి తగినంత వెడల్పుగా ± పెట్టాలి.

ఇక థోరియం. భావనపాడు, కళింగపట్నం తీరపు నల్ల ఇసుకలో థోరియం ఉండే ఖనిజం మోనజైట్ ఉందని అందరికీ తెలుసు. ఆ మోనజైట్ కొట్టుకొచ్చింది మన కొండల రాళ్ళ నుంచే. కాబట్టి చూరు కింది మట్టిలోనూ థోరియం ఎక్కువగానే ఉండొచ్చు. పై లెక్కలో 12 బదులు 40 పీపీఎం పెట్టండి. హారం 4.05 అవుతుంది, 40,000 కాస్తా 22,000 అయిపోతుంది. బరువైన ఖనిజాలు పోగుపడిన సన్నటి నల్ల చార ఒకటి గొట్టానికి పది సెంటీమీటర్ల దూరంలో ఉన్నా దాని గామా మీ రేణువుని చేరుతుంది.

థోరియంతో ఒక లాభం, ఒక నష్టం ఉన్నాయి. యురేనియం వరసలో, అంటే అది విచ్ఛిన్నమవుతూ పుట్టించే మూలకాల్లో, రేడియం నీటితో కదిలిపోతుంది, రేడాన్ వాయువై ఎగిరిపోతుంది, అందుకే ఈనాటి కొలత వేల ఏళ్ళ సగటు కాకపోవచ్చు. నీరు కారే గుహల్లో ఇది పెద్ద తలనొప్పి. థోరియం వరసలో పిల్ల మూలకాలన్నీ అల్పాయుష్కులు, ఎక్కువ బతికే రేడియం-228 అర్ధాయువే ఆరేళ్ళ లోపు. కదిలినా మళ్ళీ త్వరగా సమతూకానికి వస్తుంది. కాబట్టి థోరియం ప్రధానమైన మట్టిలో హారం నిలకడగా ఉంటుంది. నష్టం ఏమంటే క్వార్ట్జ్ గిన్నె త్వరగా నిండిపోతుంది. సాధారణంగా 150-200 గ్రేలు దాటితే క్వార్ట్జ్‌ని నమ్మడం కష్టం. వెయ్యేళ్ళకి 2 గ్రేలైతే అది 75,000 నుంచి లక్ష ఏళ్ళు, 4 గ్రేలైతే అందులో సగమే. మన జిల్లాల్లో మధ్య పాతరాతియుగపు పొర అనుకుంటున్నదానికి గొట్టం కొట్టేముందే ఈ భాగహారం చేసి చూసుకోండి. క్వార్ట్జ్ చాలదనిపిస్తే పొటాష్ ఫెల్డ్‌స్పార్ తీయమని ల్యాబ్‌కి ముందే చెప్పాలి.

ల్యాబ్‌లో ఏం జరుగుతుంది

గొట్టాన్ని మసక ఎర్ర వెలుగులో తెరిచి రెండు చివర్ల రెండు మూడు సెంటీమీటర్లు తీసేస్తారు. అది వెలుతురు చూసిన మట్టి, యురేనియం, థోరియం, పొటాషియం కొలతకి పనికొస్తుంది. మధ్య భాగానికి 10 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం, బుడగలు ఆగేదాకా. సున్నపు గుహ మట్టికి ఇది రోజులు పడుతుంది. ఒక్కసారిగా పోస్తే నురగ పొంగి బీకరు దాటి పోతుంది. తరవాత జీవపదార్థం పోవడానికి హైడ్రోజన్ పెరాక్సైడ్. గబ్బిలాల పెంట కలిసిన మట్టిలో ఇది వేడెక్కి ఉబుకుతుంది, కొంచెం కొంచెంగా పోయాలి. జల్లెళ్ళతో 180-212 మైక్రాన్ల భాగం వేరుచేసి, సోడియం పాలీటంగ్‌స్టేట్ ద్రవంలో 2.62కీ 2.70కీ మధ్య సాంద్రత ఉన్నదాన్ని క్వార్ట్జ్‌గా, 2.58 కంటే తేలికైనదాన్ని పొటాష్ ఫెల్డ్‌స్పార్‌గా తీస్తారు.

ఆ పైన 40 శాతం హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో 40 నిమిషాలు. ఇది ఆల్ఫా తగిలిన పై 10 మైక్రాన్ల తొక్క తీసేస్తుంది, మిగిలిన ఫెల్డ్‌స్పార్‌ని కరిగిస్తుంది. గాజు పాత్ర పనికిరాదు, పాలీప్రొపిలీన్ మాత్రమే. ఇది చర్మం మీద పడితే మంట ఆలస్యంగా తెలుస్తుంది, అప్పటికే ఎముకదాకా పాకుతుంది. కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందేంతలో లేని ల్యాబ్‌లో, పక్కన మరో మనిషి లేకుండా ఈ పని ఎవరూ ముట్టుకోకూడదు. చివర్లో మళ్ళీ హైడ్రోక్లోరిక్, ఆమ్లం తినేసిన సన్న ముక్కలు పోవడానికి మళ్ళీ జల్లెడ.

కొలతకి 2000లో మర్రీ, వింటిల్ స్థిరపరచిన ఎస్ఏఆర్ (సింగిల్ ఆలిక్వాట్ రీజెనరేటివ్ డోస్) పద్ధతి. సహజ సిగ్నల్ కొలవడం, ఒక చిన్న పరీక్ష మోతాదు ఇచ్చి మళ్ళీ కొలిచి రేణువు స్పందన మారిందేమో సరిచూడడం, తెలిసిన మోతాదుల్ని బీటా మూలంతో ఒక్కోటిగా ఇస్తూ గ్రాఫు కట్టడం. ప్రతి కొలతకి ముందు 160 నుంచి 300 డిగ్రీల మధ్య ఎక్కడో ప్రీహీట్, అంటే ముందుగా వేడిచేయడం, ఉంటుంది. ఎక్కడ అన్నది నమూనాని బట్టి పరీక్షించి తేల్చాలి, వేరే చోటి అంకె తెచ్చి పెట్టేస్తే కుదరదు. ఇచ్చిన మోతాదునే తిరిగి కొలిచి చూసే డోస్ రికవరీ పరీక్షలో నిష్పత్తి 0.9కీ 1.1కీ మధ్య రాకపోతే ముందుకెళ్ళి లాభం లేదు. ఒకే మోతాదుని రెండుసార్లు ఇచ్చి పోల్చే రీసైక్లింగ్ నిష్పత్తికీ అదే హద్దు. పరారుణ కాంతి వేస్తే సిగ్నల్ తగ్గిందంటే ఫెల్డ్‌స్పార్ ఇంకా మిగిలినట్టే, మళ్ళీ ఆమ్లం.

విడి రేణువుల కొలతకి ఒక్కో బిళ్ళ మీద 300 మైక్రాన్ల గుంటలు వంద ఉంటాయి, గుంటకో రేణువు, దాని మీద ఆకుపచ్చ లేజర్. వందలో ఐదో పదో మాత్రమే పనికొచ్చే వెలుగు ఇస్తాయి, అందుకే వెయ్యి కొలిస్తే యాభై మిగలొచ్చు. సైబీరియాలోని డెనిసోవా గుహలో 103 నమూనాల నుంచి 2,80,000 పైచిలుకు రేణువులు కొలిచారు, ఆ లెక్కలు 2019లో వచ్చాయి. గుహ అంటే ఎంత పనో ఆ అంకె చెబుతుంది.

ఇప్పుడు ఆ యాభై రేణువుల మోతాదులు ఎలా పరుచుకున్నాయో చూడాలి. దగ్గరదగ్గరగా ఉండి ఓవర్‌డిస్పర్షన్, అంటే కొలత పొరపాట్లకి మించిన చెదురుబాటు, 20 శాతం లోపుంటే మధ్య వయసు మోడల్ (గణాంక పద్ధతి) చాలు. ఒక గుంపు కింద, కొన్ని ఎక్కడో పైన, కొన్ని ఏకంగా నిండిపోయి ఉంటే గోడ రాలినట్టు. మీరు తెచ్చిన గోడరాయి కొలత ఇక్కడ అక్కరకొస్తుంది. రెండు మూడు విడి గుంపులుంటే పొరలు కలిసినట్టు, మిశ్రమ మోడల్ వాడాలి. ఇక్కడ మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఒక రేణువు పక్కనే మోనజైట్ గింజ పడి ఉంటే దానికి బీటా ఎక్కువ అందుతుంది, పొటాష్ ఫెల్డ్‌స్పార్ పక్కనున్నదానికీ అంతే. అప్పుడు మోతాదులు చెల్లాచెదురైనా అది కలవడం కాదు, ఎండ చూడకపోవడమూ కాదు. దాన్ని పొరపాటున, తక్కువ మోతాదు గుంపునే నమ్మే "కనిష్ఠ వయసు మోడల్"లో వేస్తే, చక్కగా ఎండ చూసిన పొరని కూడా అసలు వయసు కంటే చిన్నది చేసేస్తారు. చెదురుబాటు చూసి వెంటనే కనిష్ఠానికి దూకడం నాకు నచ్చని అలవాటు. గొట్టం పక్కనే కదలని మట్టి దిమ్మ ఒకటి తీసి, రెసిన్‌తో గట్టిపరచి, పలచని ముక్క కోసి సూక్ష్మదర్శిని కింద చూస్తే బొరియలున్నాయా, మోనజైట్ ఉందా, కప్పు పెచ్చులున్నాయా అన్నది కళ్ళకే కనిపిస్తుంది.

ఫెల్డ్‌స్పార్‌కి వెళ్తే కథ వేరు. పరారుణ కాంతితో కొలుస్తారు, ఎక్కువ వయసు పట్టుకుంటుంది, కానీ నిలవ ఉన్న సిగ్నల్ గది వేడిలోనే కారిపోతుంటుంది. ఆన్ వింటిల్ 1973లోనే చెప్పిన చిక్కు ఇది. 50 డిగ్రీల దగ్గర ఒకసారి ఖాళీ చేసి, ఆపైన 225 లేదా 290 డిగ్రీల దగ్గర మళ్ళీ కొలిచే పద్ధతిలో కారడం బాగా తగ్గుతుంది. చెన్నై దగ్గర అత్తిరంపాక్కంలో 3,85,000 ఏళ్ళ వయసు 2018లో ప్రకటించింది ఈ తరహా కొలతతోనే. అది ఆరుబయట చోటు. గుహలో అయితే ఈ సిగ్నల్ ఎండకి గంటల తరబడి సమయం అడుగుతుంది, చూరు నీడలో చేరిన రేణువుకి ఆ ఎండ దొరికిందా అన్న ప్రశ్న మళ్ళీ వస్తుంది. ఒకే నమూనాలో క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ రెండూ కొలిచి రెండూ ఒకే వయసు చెబితే, త్వరగా ఖాళీ అయ్యేదీ మెల్లగా ఖాళీ అయ్యేదీ రెండూ పూర్తిగా ఖాళీ అయినట్టే. ఇంతకంటే మంచి సాక్ష్యం గుహలో దొరకదు.

నంద్యాల జిల్లా (పూర్వం కర్నూలు జిల్లా) జ్వాలాపురంలో పరిశోధకులకి ఒక అదృష్టం ఉంది. సుమారు 74,000 ఏళ్ళ నాటి, ఇండోనేషియాలోని టోబా అగ్నిపర్వతం బూడిద పొర దొరికింది. దాని కింద మట్టికి 77,000, పైన మట్టికి 74,000 ఏళ్ళు ఈ పద్ధతిలోనే వచ్చాయి, బూడిదతో సరిపోయాయి. మన చూరుల్లో అలాంటి పొర దొరకకపోతే సరిచూసుకోవడానికి ఉన్నది పొరల వరస మాత్రమే. అందుకే ఒక గొట్టంతో సరిపెట్టొద్దు. ఒకే సెక్షన్లో కనీసం మూడు, కింద నుంచి పైకి, ప్రతి గొట్టమూ పొర సరిహద్దుకి 30 సెంటీమీటర్ల దూరంలో ఉండేలా. పొర అంత మందం లేకపోతే పైదీ కిందిదీ మట్టి విడిగా ఎత్తాలి. వయసులు తలకిందులుగా వస్తే ఆ తేడా దాచకుండా రాయాలి. గొట్టంలో సగం మట్టిని కొలవకుండా నల్ల సంచిలో దాచమని ల్యాబ్‌ని అడగండి. ఇప్పటి హారం మీద ఎవరికైనా అనుమానమొస్తే మళ్ళీ కొండెక్కి తవ్వే పని ఉండదు.